తలుపు చుట్టాల పంచమి

"అమ్మా, ఇవాళ ఏ వారమో చెప్పగలరా?" అంది మతిబండి, గుమ్మం ముందు ఆగి, అతి మర్యాదగా.

మైలపల్లి పోలమ్మ చీపురు చేతిలోనే పట్టుకుని దాన్ని ఎగాదిగా చూసింది. ఎగాదిగా చూడ్డానికి అదెంతో లేదు. మోకాలెత్తు డబ్బా, ఆసుపత్రి తెలుపు, నెత్తిమీద ఎండకో వానకో చిన్న గొడుగు. మతిమరుపు మొదలైన పెద్దవాళ్ళని పరీక్షించడానికి వైద్యశాల పంపే బండి అది.

"ఏం, నీకు తెలీదేటి?" అంది పోలమ్మ.

"నాకు తెలుసమ్మా. మీకు తెలుసో లేదో తెలుసుకుందామని."

"బుధవారం. అట్లతద్ది. ఎల్లుండి శుక్రవారం, పంచమి. శనివారం దానయ్యమ్మ ఊరొదిలి ఎల్లిపోతది. ఇంకేటి కావాల?"

బండి కాసేపు గుడగుడమంది. "జవాబు సరైనదే. కానీ మీ తలపు పోయిందని ఫిర్యాదు వచ్చింది. పూర్తిగా పోయిందా, వచ్చిపోతోందా?"

"పూర్తిగా పోయింది. దాని బదులు ఇంకోటొచ్చింది."

"ఇంకో తలపా?"

"ఆఁ. ఇదీ నాదేనంట. నాదని అందరూ అంతన్నారు గానీ, నాకు మాత్రం పరాయిదాన్ని సూసినట్టుంది."

"తన తలపును తనది కాదంటున్నారు" అని బండి పైకే చదువుకుంటూ రాసుకుంది. "అమ్మా, మీరు కాస్త కూర్చోండి. ఇది కొంచెం తీవ్రమైనదే."

పోలమ్మ కూర్చోలేదు. చీపురు తిరగేసింది. బండి గొడుగు ముడుచుకుని వీధిలోకి వెనక్కి పరిగెత్తింది.

పొరపాటు బండిది కాదు, చెవిచిప్పది. పట్నంలో ప్రతి గుమ్మం పక్కనా తాబేటి పిల్లంత చిప్ప ఒకటి గోడకి అంటుకుని ఉంటుంది. ఎవరికే ఇబ్బంది వచ్చినా దానికి చెప్పుకుంటే, అది విని, చేరాల్సిన శాఖకి చేరవేస్తుంది. సోమవారం పొద్దున్న పోలమ్మ దానితో "మా తలుపు పోయింది" అంది. అదే క్షణాన పక్కనున్న సముద్రం కూడా ఏదో అంది. రెండు మాటలూ కలిసి చిప్పకి "మా తలపు పోయింది" అని వినిపించింది. తలుపు పోతే వడ్రంగి రావాలి, తలపు పోతే వైద్యుడు రావాలి. వైద్యుడి తరఫున బండి వచ్చింది, తన్నులు తినబోయి వెళ్ళింది.

*

మురళి తుఫాను వచ్చి వెళ్ళి ఎనిమిది రోజులైంది. పేరుకి మురళి. ఊదినప్పుడు మాత్రం కొలిమితిత్తి. ఒక్క పగట్లో పట్నంలోని రేకుల్ని ఆకుల్లాగా, ఆకుల్ని అప్పడాల్లాగా ఎగరగొట్టి, అలసిపోయి, ఒరిస్సా వైపు నడిచి వెళ్ళిపోయింది.

పూర్వమైతే తుఫాను వెళ్ళిన ఎనిమిదో రోజున ఊరు ఎలా ఉండేదో పోలమ్మకి బాగా తెలుసు. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట 'చిలక' అనే తుఫాను వచ్చింది. చిలకంటే ఏదో చిలక్కొట్టుడు కొట్టి పోతుందనుకున్నారు. అది ఊరంతా కొరికేసింది. పదకొండు రోజులు కరెంటు లేదు. పాల ప్యాకెట్టు కోసం కిలోమీటరు వరస. ఫోనుకి ఊపిరి పోయాలంటే పెట్రోలు బంకు దగ్గర జనరేటరు ముందు నిలబడాలి. అక్కడ ఎవరి ఫోను ఎవరిదో తెలియక, ఒకరి కూతురు ఫోను చేస్తే ఇంకొకరి తండ్రి పలికేవాడు. అలా మొదలైన పెళ్ళి ఒకటి ఇప్పటికీ నడుస్తోంది. పోలమ్మ ఉండే గవ్వల సందులో వీధి మొగన మూడు రాళ్ళు పెట్టి, ఒకటే కుండ ఎక్కించి, ముప్పైనాలుగు ఇళ్ళూ తిన్నాయి. ఐసు కరిగిపోయిన పెట్టెల్లోని చేపలన్నీ ఆ కుండలోకే. అంత పులుసు మళ్ళీ జన్మలో ఎవరూ తినలేదు.

ఇప్పుడు ఎనిమిదో రోజుకి తుఫాను వచ్చిన జాడే లేదు. కట్టుచీమలు వచ్చేశాక తుఫానుకి పరువు పోయింది.

కట్టుచీమలంటే బొటనవేలంత యంత్రాలు. కుట్టవు, కడతాయి. రోజూ సాయంత్రం లక్షల చీమలు పట్నాన్ని అంగుళం అంగుళం కొలిచి 'నగర నకలు' రాసుకుంటాయి. గాలివాన వెళ్ళగానే గూళ్ళలోంచి బయల్దేరి, పడినదాన్ని ఏరి, విరిగినదాన్ని అతికి, పోయినదాన్ని పోతపోసి, నకల్లో ఎలా ఉందో అలా నిలబెడతాయి. ఎంత నిక్కచ్చిగా అంటే, బస్టాపు గోడ మీద పదేళ్ళనాటి పాన్ మరకని కూడా రంగు కలిపి తిరిగి ఉమ్మాయి. కాకులొక్కటే ఏదో కనిపెట్టాయి. నిలబెట్టిన చెట్ల మీద వాలకుండా వారం రోజులు తీగల మీదే కూర్చుని, కొత్త ఊరికేసి అనుమానంగా చూశాయి.

ఈ నకలుకి ఒక్క మినహాయింపు ఉంది. దాని పేరు 'సరిపోలిక సూత్రం'. కట్టేటప్పుడు ఎక్కడైనా ఒకదానికొకటి సరిపోని భాగాలు కనబడితే చీమలు వాటిని సరిచేస్తాయి. సరిచేయకపోతే వాటికి సరిపోదు.

గవ్వల సందులో వాటికి పండగే అయింది. ముప్పైనాలుగు గుమ్మాలు, ముప్పైనాలుగు చెక్కతలుపులు. ఒక్క తలుపూ దాని గుమ్మానికి సరిపోదు. ఒకటి జానెడు పొట్టి, ఒకటి బెత్తెడు సన్నం. కానీ ప్రతి తలుపూ ఆ సందులోనే మరో గుమ్మానికి వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోతుంది. చీమలు ఆ లెక్కని రెండు నిమిషాల్లో విప్పి, తుఫానుకి ఊడిపడ్డ తలుపులన్నీ ఏరి, ఏ తలుపుని ఏ గుమ్మం కోసం చేశారో ఆ గుమ్మానికే బిగించేశాయి. బందులు మార్చాయి. అంతే. బందులతోపాటు బంధువులు కూడా మారతారని వాటికెవరు చెప్పాలి?

*

పేడాడ కృపానందం పునఃప్రతిష్ఠ శాఖలో వార్డు శ్రోత. చెవిచిప్పలకి అర్థం కానివి వినడం ఆయన ఉద్యోగం. యాభైరెండేళ్ళు, బట్టతల, ప్రతి అర్జీకీ తుమ్మే అలవాటు. అర్జీలంటే ఎలర్జీ అని శాఖలో అందరూ అనుకుంటారు. ఆ బుధవారం మధ్యాహ్నం బల్ల మీదికి గవ్వల సందు నుంచి వచ్చిన ముప్పైమూడు కృతజ్ఞతా సందేశాలు చేరాయి. 'తలుపు చక్కగా పడుతోంది', 'సందు లేకుండా మూసుకుంటోంది', 'చప్పుడే లేదు' అని. మెచ్చుకోళ్ళ కింద జమ అయిన ఆ ముప్పైమూడూ తిట్టుతోనే మొదలయ్యాయి. ముప్పైనాలుగోది మతిబండి రాసిన వైద్య నివేదిక. కృపానందం తుమ్మి, చెప్పులేసుకుని బయల్దేరాడు.

పోలమ్మ ఇల్లు సందుకి సముద్రం కొసన ఉంది. ఎదురరుగు మీద సన్యాసయ్య కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. ఎనభై ఎనిమిదేళ్ళ వడ్రంగి. ఆ సందులో తలుపులన్నీ ఒకప్పుడు ఆయన చేసినవే.

కృపానందం పోలమ్మ తలుపుని మూసి, తీసి, మళ్ళీ మూసి చూశాడు. ఆకుపచ్చ రంగు వేసిన వేపతలుపు. వెన్నలా పడింది.

"బాగానే పడుతోంది కదమ్మా. మరి ఫిర్యాదేమిటి?"

"అదే బాబూ ఫిర్యాదు."

ఎదురరుగు మీద సన్యాసయ్య పకపకా నవ్వాడు.

"మావా, నువ్వు నవ్వకు" అంది పోలమ్మ. "బాబూ, సిలక తుఫానుకి మా సందు తలుపులన్నీ ఎగిరిపోయి ఇసకలో పడ్డాయి. ఏ గుమ్మానికి ఏది దొరికితే అదే మావ సేత బిగించుకున్నాం. నా తలుపు, ఇది, సన్యాసి మావ ఇంటికి పోయింది. నా గుమ్మానికి దానయ్యమ్మ తలుపొచ్చింది. పనసచెక్క. పసుప్పచ్చగా, మీద రెండు చేపలు చెక్కినది. పైన వేలు దూరీది, కింద పిల్లి దూరీది. సందుల్లో వలపేలికలు కుక్కుకునీదాన్ని."

"అయితే ఇన్నేళ్ళు ఎందుకు మార్చుకోలేదు?"

"ఎందుకు మారుస్తాం బాబూ? చుట్టరికం కలిసిపోయింది కదా!"

ఆ మాట అర్థం కావడానికి కృపానందానికి ఒక గ్లాసు టీ పట్టింది. గవ్వల సందులో ఎవరి తలుపు ఎవరింట్లో ఉంటే వాళ్ళు తలుపు చుట్టాలు. ఏటా చిలక వచ్చిన రోజున, ఆశ్వయుజ బహుళ పంచమినాడు, ప్రతివాళ్ళూ తమ తలుపు ఉన్న ఇంటికి వెళ్ళి, దాన్ని కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టాలి. ఆ ఇంటివాళ్ళు వచ్చినవాళ్ళకి అన్నం పెట్టాలి. ఎంత పగ ఉన్నా రాకుండా ఉండకూడదు, వచ్చినవాళ్ళని ఆపకూడదు. మనుషులతో మాట్లాడాలన్న నియమం మాత్రం లేదు. తలుపుతో మాట్లాడితే చాలు.

"దానయ్యమ్మ ఏటా వొచ్చీది" అంది పోలమ్మ. "మా ఇద్దరికీ మాటల్లేవు, పద్నాలుగేళ్ళయింది. పంచమినాడు వొచ్చి, పసుపు రాస్తూ, తలుపుతో సెప్పీది. మనవరాలు పుట్టిందనీ, మోకాలు నొప్పెడతందనీ. నాను వంటింట్లో కూకుని ఇనీదాన్ని. నాకేటైనా సెప్పాలనుంటే కుండతో సెప్పీదాన్ని, ఆమెకి ఇనబడేటట్టు."

"ఊరికే ఓసారి వెళ్ళి పలకరించవచ్చు కదమ్మా. సందుకి ఆ కొసనే కదా ఉన్నారు?"

పోలమ్మ ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది. చాలాసేపు కడిగింది.

సన్యాసయ్య బీడీ ఆర్పి గొంతు తగ్గించాడు. "ఆళ్ళిద్దరూ ఒకే గంప కింద పెరిగినోళ్ళు బాబూ. అప్పుడు చేపలగంప మనిషి నెత్తినే కదా తిరిగీది, ఇప్పట్లాగ గంపే ఎగిరీది కాదు. ఇద్దరి మొగుళ్ళూ ఒకే పడవ. ఒకనాడు ఆ పడవ తిరగబడింది. దానయ్యమ్మ మొగుడు ఎర్రయ్య ఈదుకొచ్చినాడు. ఈమె మొగుడు రాలేదు. దానయ్యమ్మ పరిగెట్టుకుని ఈ గుమ్మంలోకి వొచ్చింది, పక్కన కూకుందామని. ఈమె ఒక మాటంది."

"ఏమన్నారు?"

"నాను సెప్పను" అన్నాడు సన్యాసయ్య. "ఆ మాట ఆమెదే."

లోపల్నుంచి పోలమ్మే చెప్పింది, గోడకేసి చూస్తూ. "'నీ బొట్టు సూపించడానికి వొచ్చినావా' అన్నాను."

కొంగుతో గ్లాసు తుడుస్తూ గుమ్మంలోకి వచ్చింది.

"రెండేళ్ళ కిందట ఎర్రయ్యన్న కూడా పోయినాడు. నానెల్లలేదు. నిరుటి పంచమికి దానయ్యమ్మ వొచ్చి తలుపుతో సెప్పింది, 'నాకిప్పుడు బొట్టు నేదే, ఇంక నన్నెవరూ ఏటీ అనరు' అని. అప్పుడనుకున్నాను బాబూ, వొచ్చే పంచమికి వంటింట్లోంచి బయటికొస్తానని. ఏడాదంతా కాసుకున్నాను. ఇప్పుడామె తలుపు ఆమె గుమ్మానికే పోయింది. ఏ వంకన వొస్తది? శనివారం కూతురింటికి ఎగువూరు ఎల్లిపోతంది. ఇంక రాదు."

"తలుపులు మీరే మార్చేసుకోకపోయారా? ఆ ఒక్కరోజుకి?"

"మార్చినారు మొగోళ్ళు. మొదటిసారి చీమలు మర్నాటిదాకా ఆగినాయి. రెండోసారి, మేకు పీకుతుండగానే వొచ్చేసినాయి. బుద్ధిమంతులు, నేర్చుకున్నాయి."

*

గురువారం కృపానందం నగరమతి ముందు కూర్చున్నాడు. చీమలన్నిటికీ కలిపి ఉన్న ఒకే ఒక్క బుర్ర అది. గొంతు మాత్రం బడిపంతులమ్మది.

"దోషాన్ని తిరిగి పెట్టమని అడుగుతున్నారు" అంది నగరమతి.

"అవును. ముప్పైనాలుగు దోషాల్ని."

"కారణం?"

"చుట్టరికం."

"చట్టంలో చుట్టరికం లేదు."

"చట్టానికి చుట్టాలుండరని నాకు తెలుసు. చుట్టాలకి చట్టం అడ్డం రాకూడదు కదా?"

"దోషరక్షణ అర్జీ పెట్టుకోవచ్చు. పరిశీలనకి నలభై రోజులు."

కృపానందం తుమ్మాడు. "రేపే పంచమి."

"అర్థమైంది. నలభై రోజులు" అంది నగరమతి. తర్వాత, అడగకుండానే, మరో మాట చెప్పింది. తలుపుల లెక్కలో తనకి అర్థం కానిది ఒకటుందని. కృపానందం విన్నాడు, రెండోసారి చెప్పించుకుని విన్నాడు. కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాడు.

*

పంచమి పొద్దున్న గవ్వల సందు నిశ్శబ్దంగా లేచింది. ఏటా ఈ వేళకి బిందెల చప్పుడు, పసుపు నూరే చప్పుడు, "మా తలుపుకి నూనెయ్యలేదేటి, ఎండిపోయింది!" అని ఎవరో ఎవర్నో దెప్పే చప్పుడు ఉండేవి. ఈసారి ముప్పైనాలుగు తలుపులు ముప్పైనాలుగు గుమ్మాల్లో వెంట్రుక దూరకుండా పడి ఉన్నాయి. ఎవరింట్లో వాళ్ళు గడప దాటకుండా పూట గడుపుతున్నారు. ఎవరి తలుపు వాళ్ళ దగ్గరే ఉన్నప్పుడు ఎక్కడికని వెళ్తారు?

పోలమ్మ అలవాటు కొద్దీ కోనెం చేప పులుసు పెట్టింది. రాదని తెలిసినా ఇద్దరికి సరిపడా పెట్టింది. పొయ్యి దింపి, వచ్చి గుమ్మంలో కూర్చుని తన వేపతలుపుకేసి చూసింది. ఒంటి నిండా పాత పసుపు వేళ్ళ గుర్తులున్నాయి. ఏటా సన్యాసయ్య ఇంటికి వెళ్ళి తనే పెట్టిన వేళ్ళు. తనవే అయినా తలుపు మాత్రం తనని ఎరగనట్టు నిలబడింది. కీచుమనదు. తెరిస్తే ఎవరొచ్చారో చెప్పదు. పనసతలుపైతే తోసిన తీరుని బట్టి కీచుమనేది. ఆ కీచుకి దానయ్యమ్మది వేరు, పాలమనిషిది వేరు. మొగుడు రాని రోజున పోలమ్మ ఆ తలుపుకే నడ్డి ఆనించి కూర్చుంది. లేచేసరికి మూడ్రోజులైంది. ముప్పై ఒక్క ఏళ్ళు తోసీ తోసీ, గొళ్ళెం పక్కన చెక్క తన అరచెయ్యంత మేర నున్నగా అరిగిపోయింది.

ఆ చెక్క ఇప్పుడు దాని పుట్టింట్లో ఉంది.

పుట్టింట్లో.

పోలమ్మ చప్పున లేచింది. పులుసు కుండకి మూత పెట్టి, చుట్టకుదురు వేసుకుని నెత్తికెత్తుకుంది. చేత్తో పసుపు గిన్నె పట్టుకుంది. కుండ బయట కనిపించగానే వీధిలో తిరిగే ఎగురుగంప ఒకటి దిగొచ్చి "మోసిపెట్టనా?" అంది.

"పోవే!" అంది పోలమ్మ.

ముప్పైరెండు గుమ్మాలు దాటాలి. మొదటి పది దాటేసరికి ఒక కిటికీ తెరుచుకుంది. ఇరవై దాటేసరికి తలుపులు తెరుచుకున్నాయి, చప్పుడు లేకుండా. పోలమ్మ ఆ కొసకి నడుస్తోందన్న వార్త మాత్రం చప్పుడు చేసుకుంటూ ఆమె కంటే ముందే నడిచింది. సన్యాసయ్య కర్ర పట్టుకుని వెనకే వచ్చాడు. నలభై రోజుల గడువు రాసిన అర్జీ రసీదు పట్టుకుని అప్పుడే సందులోకి తిరిగిన కృపానందం గోడకి ఒదిగి దారిచ్చాడు.

దానయ్యమ్మ గుమ్మం ముందు సామాను మూటలు కట్టి ఉన్నాయి. దానయ్యమ్మ ఆమెని చూసింది. చూసి, ఒక్క క్షణం నిలబడి, గబుక్కున వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పోలమ్మ కుండ దింపి, నీళ్ళు అడగలేదు, కొంగుతోనే తలుపు తుడిచింది. రెండు చేపలకీ పసుపు రాసింది.

"ఏమ్మా, పుట్టింటికి సేరినావా?" అంది తలుపుతో. "మంచిదే. పెంచినోళ్ళం కదా, సూసి పోదామని వొచ్చినాను. కట్నం కానుకలేవీ తేలేదు, కోనెం పులుసు తెచ్చినాను."

గొళ్ళెం పక్కన అరిగిన చోట అరచెయ్యి ఆనించింది.

"నీకొక మాట సెప్పాల. నీకు తెలీందేటి కాదు, నువ్వే సాచ్చివి. పద్నాలుగేళ్ళ కిందట ఒకామె నిన్ను తోసుకుని పరుగున వొచ్చింది. నాను ఆమెని మాటతో కొట్టినాను. ఇన్నాళ్ళూ అనుకున్నాను, ఆ మాట నాది కాదు, సముద్రం నా నోట పలికించిందని. కాదమ్మా. నాదే. ఎర్రయ్యన్న పోయిన్నాడు నిన్ను తీసినాను, గడప మీద నిలబడ్డాను, మళ్ళీ మూసినాను. అదీ సూసినావు నువ్వు. నా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నువ్వు సరిగ్గా మూసుకోలేదు. సరిగ్గా మూసుకున్నది నానే."

వంటింట్లో ఏదో గిన్నె కింద పడింది. దొర్లింది. ఆగింది.

"ఒలే కుండా!" అంది లోపల్నుంచి దానయ్యమ్మ గొంతు, బొంగురుగా. "ఆ మనిషికి సెప్పు. తలుపుతో అంతసేపు మాటాడితే పులుసు సల్లారిపోద్దని."

"సల్లారనీ!" అంది పోలమ్మ. "పద్నాలుగేళ్ళు సల్లారినాది నేదేటి? మళ్ళీ ఎచ్చబెట్టుకుందాం. బయటికి రా ఒదినా."

దానయ్యమ్మ వచ్చింది. రావడమైతే తిడుతూనే వచ్చింది. "ఉప్పేసినావా, ఎప్పట్లాగే మర్చిపోనావా?" అంది. పోలమ్మ ఆమెని దగ్గరికి లాక్కుంది. పసుపు చేతుల పది వేళ్ళూ దానయ్యమ్మ తెల్లచీర మీద అచ్చు పడ్డాయి. ఎవరూ తుడుచుకోలేదు.

ఆ తర్వాత జరిగింది నగరమతి ఏ నకల్లోనూ లేదు. మొదట సన్యాసయ్య వెనక్కి తిరిగి, "నా ఇంట ముప్పై ఒక్క ఏళ్ళున్న పిల్ల ఎలాగుందో సూసొస్తాను" అని పోలమ్మ ఇంటికి బయల్దేరాడు. మిగతావాళ్ళూ ఆలోచనలో పడ్డారు. నిన్నటిదాకా తమ ఇంట ఉన్న తలుపు ఎవరింటికి వెళ్ళింది? అరగంటలో ముప్పైనాలుగు ఇళ్ళ వాళ్ళూ పసుపు గిన్నెలతో వీధిలో పడ్డారు. ఏటా వెళ్ళే దిక్కుకి కాదు, దానికి ఎదురు దిక్కుకి. ఇన్నేళ్ళూ అన్నం పెట్టినవాళ్ళు అతిథులయ్యారు, అతిథులు పొయ్యి వెలిగించారు. కట్టుచీమలు రెండు గోడ మీద నిలబడి కొలిచాయి. తలుపులన్నీ సరిగ్గానే ఉన్నాయి. దోషమేమీ కనపడక వెళ్ళిపోయాయి.

*

భోజనాలు మధ్యాహ్నానికి వీధిలోకే వచ్చేశాయి. కృపానందం ఆకు ముందు కూర్చుని, ముందు మతిబండి సంగతి చెప్పాడు. చిప్పకి తలుపుకీ తలపుకీ తేడా తెలియలేదని, పోలమ్మకి మతి పోలేదని, నివేదిక కొట్టేయించానని. "అంత తేడా ఏముందిలే బాబూ" అంది పోలమ్మ, అన్నం వడ్డిస్తూ. అందరూ నవ్వారు.

అప్పుడాయన జేబులోంచి కాగితం తీశాడు.

"ఇంకొకటి ఉంది. నగరమతి ఒక ప్రశ్న వేసింది. ముప్పైనాలుగు తలుపులు గాలికి కలిసిపోతే, ఏ ఒకటో రెండో సొంత గుమ్మానికే రావాలట. ఒక్కటీ రాలేదు. ఇద్దరు ఒకరి తలుపు ఒకరికి పెట్టుకున్న జత కూడా ఒక్కటీ లేదు. మొదటి ఇంటి నుంచి బయల్దేరితే ముప్పైనాలుగు ఇళ్ళూ తిరిగి మళ్ళీ మొదటి ఇంటికే వస్తున్నాం. ఒకే గొలుసు. గాలికి అంత బుద్ధి ఉండదంది. ఎవరు చేశారని అడిగింది."

వీధిలో గరిటెలు ఆగాయి. ఒక్కొక్కరే సన్యాసయ్య వైపు తిరిగారు. ఆయన చేపముల్లు తీరిగ్గా తీసి ఆకు పక్కన పెట్టాడు.

"నానే చేసిన తలుపులు" అన్నాడు. "కళ్ళు మూసుకుని తడిమినా ఏది ఎవరిదో సెప్తాను. అన్నీ ఇసకలో ఒకే పోగులో పడున్నాయి."

"మావా! తెలిసే తప్పుగా బిగించినావా?" అంది పోలమ్మ.

"మీకందరికీ ఒకే కుండ జ్ఞాపకముంది. ఆ కుండ పొయ్యెక్కింది మూడోరోజు. మొదటి రెండ్రోజులూ మర్చిపోనారు. ఎవడి గోడ దగ్గర వాడు కర్ర పట్టుకుని కాపలా. నా బిందె నువ్వు తీసినావంటే, నా తాడు నువ్వు తీసినావని. పక్కింటి ముసల్ది నీళ్ళడిగితే ఇచ్చినోడు నేడు. నన్నేమో, తలుపు బిగించు, తలుపు బిగించు అని పీకినారు. ఎవరి తలుపు ఆళ్ళకి బిగించేసుంటే ఏటి చేసీవోరు? లోపల్నుంచి గడియెట్టుకునీవోరు. అంతే కదా. అందుకే కలిపేసినాను. జతలు జతలుగా కలిపితే జతలే మిగుల్తాయని గొలుసు చేసినాను. 'ఇది మీ తలుపు కాదేటి?' అని ఒకడు, 'మా తలుపు మీ ఇంట్లో ఉందే!' అని ఒకడు, మూడోరోజుకి మాటలు మొదలైనాయి. నవ్వులైనాయి. సాయంత్రానికి కుండెక్కింది."

"ముప్పై ఒక్క ఏళ్ళు సందుల్లోంచి చలిగాలి కొట్టించినావు మమ్మల్ని!" అంది దానయ్యమ్మ.

"సందుల్లేకపోతే ఇది సందెలాగవుద్దే?" అన్నాడు సన్యాసయ్య. "నాకు ఒకటే బెంగుండేది. నాను పోయాక ఎవరైనా సరిచేసేస్తారేమోనని. చేసేసినాయి. అయినా మీరు గొలుసు తెంపలేదు, తిరగేసినారు. ఇంక నాకు పర్లేదు."

కృపానందం అర్జీ రసీదుని నాలుగు మడతలు పెట్టి, తలుపు సందులో కుక్కుదామని చూశాడు. సందు లేదు. జేబులోనే పెట్టుకున్నాడు.

దానయ్యమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి, కొంగుముడి విప్పి, తాళంచెవి తీసి పోలమ్మ పసుపు చేతిలో పెట్టింది.

"రేపు ఎల్తాను ఒదినా. కూతురికి మాటిచ్చినాను. వొచ్చే పంచమికి వొస్తాను. అంతవరకూ రోజూ ఓపాలి తలుపు తీసి, కాసేపు మాటాడి మూస్తుండు. ముప్పై ఒక్క ఏళ్ళు నీ చెయ్యి అలవాటైనాది. ఒక్కర్తీ ఉండలేదు అది."